యంత్రము పాడెడి వేలముపాట

(వార్షిక మహాసభయందు వర్తకవిషయమును గూర్చి గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించిరి. వర్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యనిర్వాహకవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. వారి యాదరమునకు కృతజ్ఞుడను. వర్తకమన్నది మిక్కిలి విశాలమైన విషయము. అందొక్క భాగమును మాత్రమే నేను గ్రహించితిని. అది యంతర్జాలమున వెదకువారికి చూపబడు ప్రకటనల వేలము. మఱియు ఆ వేలమున మనకు బదులుగా పాట పాడెడి యంత్రము.

ఈ విషయమునే యేల గ్రహించితినందురా? మనవారిలో కొందఱు దుకాణపు బాడుగకంటె నధికముగా ఈ ప్రకటనలకే వ్యయపఱచుచున్నారు. ఆ సొమ్ము ఏ పద్ధతిని పోవుచున్నది, ఎంత మరలి వచ్చుచున్నది అని యడిగినచో, “అదంతయు యంత్రము చూచుకొనుచున్నది” అని బదులు వచ్చుచున్నది. ఆ బదులు సరియైనదా కాదా యని పరీక్షించుటయే నా ప్రసంగమునకు ప్రయోజనము. నా యభిప్రాయమును ముందుగానే విన్నవించెదను. యంత్రము పాట పాడగలదు. మనకంటె చక్కగా పాడగలదు. కాని మన సరకుపై లాభమెంత, మనకు గల ఋణమెంత, వచ్చినవాడు నిజమైన గిరాకీయా కాదా యను సంగతులు మనము చెప్పనిదే యది యెఱుగదు. ఆ యెఱుక యజమానునిది. ఆ యెఱుక లేనివాడు యంత్రమునకు పని యప్పగించినవాడు కాడు. తన సంచి మూతి విప్పి యిచ్చినవాడు.

వేలము స్వరూపము

వేలము మనకు క్రొత్త కాదు. దేవాలయపు మాన్యముల కౌలు వేలము, చెఱువులోని చేపల వేలము, పొగాకు వేలము మన పెద్దలు చూచినవే. ఇచట వేలమునకు వచ్చు వస్తువు మాత్రము క్రొత్తది. అది యొక మనుష్యుని క్షణకాలపు దృష్టి. ఒక గృహిణి తన సెల్‌ఫోనునందు ‘పెండ్లి పట్టుచీరలు’ అని వ్రాసి గూగులులో వెదకినతోడనే, ఆ మాటకు ప్రకటన నిచ్చుటకు సిద్ధముగా నున్న వర్తకులందఱి నడుమ వేలము జరుగును. ఆమె ఱెప్ప వాల్చునంతలో నది ముగియును. గెలిచినవారి ప్రకటనలు ఫలితములకు పైభాగమున కనబడును. కనబడినంతమాత్రమున వర్తకుడు సొమ్ము చెల్లింపనక్కఱలేదు. ఆమె దానిని వ్రేలితో నొక్కినపుడే, అనగా క్లిక్కు చేసినపుడే చెల్లింపవలయును. ఒక్కొక్క క్లిక్కునకు తానెంతవఱకు ఇయ్యగలడో వర్తకుడు తెలుపు మొత్తమే యతని పాట. మఱియొకరు అదే మాట వ్రాసినచో మఱల క్రొత్త వేలము. గూగులు సంస్థకు 2024వ సంవత్సరమున ఈ వెదకులాట ప్రకటనలు మున్నగువాని వలన వచ్చిన రాబడి సుమారు 19,800 కోట్ల డాలర్లు. ఇంతటి ధనరాశి క్లిక్కుక్లిక్కునకు చేరిన సొమ్మే.

ఈ పద్ధతిని 1998లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున గోటు డాట్ కామ్ అను సంస్థ వ్యాప్తిలోనికి తెచ్చినది. దాని స్థాపకుడు బిల్ గ్రాస్. 2001లో దానికి ఓవర్చర్ అని పేరు మాఱినది. 2003లో యాహూ సంస్థ దానిని సుమారు 163 కోట్ల డాలర్లకు కొనెను. మొదట నచటి నియమము సులభమైనది. ఎవని పాట యెక్కువయో వాడు పైన. వాడు పాడినంతయు చెల్లింపవలయును. ఒకరి పాట మఱియొకరికి కనబడుచుండెను. దాని ఫలమేమి? ఒకడు 40 సెంట్లు పాడిన, రెండవవాడు 41 పాడును. మొదటివాడు 42 పాడును. రేయింబవళ్లు కూర్చుండి యీ పోటీ చేయుట మనుష్యులకు సాధ్యము గాదు గనుక, ఈ పనికై యంత్రములను పెట్టుకొనిరి. ధర యొక్కొక్క సెంటుగా పైకెక్కి, ఒకనికి గిట్టుబాటు కానిచోట ఒక్కమారుగా క్రింద పడి, మఱల నెక్కుచుండెడిది. ఎడెల్మన్, ఆస్ట్రోవ్‌స్కీ యను పండితులు ఆ ధరల లెక్కలను పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసమునందు ఈ గతి రంపపు పండ్లవలె నున్నదని చూపిరి. కాబట్టి యంత్రము పాట పాడుట యిటీవలి వింత గాదు; ఈ వేలముతోడనే పుట్టి పెరిగినది.

గూగులు సంస్థ 2000 అక్టోబరులో తన ప్రకటనల శాఖను ప్రారంభించి, 2002 ఫిబ్రవరిలో క్లిక్కు వేలమును ప్రవేశపెట్టినది. అందు రెండు మార్పులు చేసెను. మొదటిది, గెలిచినవాడు తాను పాడినంతయు చెల్లింపనక్కఱలేదు; తన స్థానము నిలుపుకొనుటకు కావలసినంత చెల్లించిన చాలును. రెండవది, పాట యొక్కటియే గాక, ప్రకటన యెంతమందికి నచ్చునో యను గుణమును గూడ లెక్కకు తెచ్చుట. దృష్టాంతముగా ముగ్గురు వర్తకులను గ్రహింతము. మొదటివాని పాట 40 రూపాయలు, గుణము 4, హెచ్చవేత 160. రెండవవాని పాట 30 రూపాయలు, గుణము 8, హెచ్చవేత 240. మూడవవాని పాట 20 రూపాయలు, గుణము 5, హెచ్చవేత 100. ఇందు రెండవవాడే పైన నిలుచును. అతడు 160ని దాటవలయును గనుక, దానిని తన గుణమగు 8చేత భాగించిన 20 రూపాయలు చెల్లించును. మొదటివాడు రెండవ స్థానమున నిలిచి, 100ని 4చేత భాగించిన 25 రూపాయలు చెల్లించును. చూచితిరా! ముప్పది పాడినవాడు ఇరువది చెల్లించి పైన కూర్చుండెను. నలువది పాడినవాడు ఇరువదియైదు చెల్లించి క్రింద కూర్చుండెను. నేటి నియమములందు ఇంకను పెక్కు సూక్ష్మములు చేరినవి గాని, సారమిదియే. వినువాని కక్కఱకు వచ్చు ప్రకటన వ్రాయుట సగము పాటతో సమానము.

విలియం విక్రీ యను నర్థశాస్త్రవేత్త 1961లోనే, ఒకే వస్తువునకు జరుగు ముద్రిత వేలమున గెలిచినవాడు రెండవవాని ధరనే చెల్లించునెడల, తన మనసులోని నిజమైన విలువనే పాడుట మేలని నిరూపించెను. ఆయనకు 1996లో నోబెల్ బహుమానము లభించినది. అయితే ఒకే పుటపై పెక్కు స్థానములున్న మన యీ వేలమునకు ఆ సూత్రము యథాతథముగా వర్తింపదని ఎడెల్మన్, ఆస్ట్రోవ్‌స్కీ, ష్వార్ట్జ్ పండితులును, వేఱుగా హాల్ వేరియన్ పండితుడును 2007లో తెలిపిరి. పాట యెంత యుండవలయునో నిర్ణయించుట యిందువలన కూడ కష్టసాధ్యమైనది.

క్లిక్కు విలువ

ఇక లెక్కకు వత్తము. చీరాలలో నొక వస్త్రవర్తకు డున్నాడనుకొందము. ఒక చీరపై నతనికి అన్ని ఖర్చులు పోను 600 రూపాయల లాభము. నూఱుగురు క్లిక్కు చేసి దుకాణపు పుటకు వచ్చిన నలుగురు కొనుచున్నారు. నాలుగు చీరలపై లాభము 2,400. దానిని నూటికి పంచిన, ఒక క్లిక్కు విలువ 24 రూపాయలు. అంతకు మించి చెల్లించిన నష్టము. అంతకు తక్కువ చెల్లించిన లాభము. ఈ యొక్క భాగహారము చేయకుండ ప్రకటన నిచ్చువాడు, అసలు తెలియక తూకము వేయువానివంటివాడు.

అయితే నూటికి నలుగురన్నది సగటు మాత్రమే. ఉదయము వచ్చు నూఱుగురిలో ఆఱుగురు, అర్ధరాత్రి వచ్చు నూఱుగురిలో ఇద్దఱు కొనుచున్నారనుకొందము. అపుడు ఉదయపు క్లిక్కు విలువ 36 రూపాయలు, రాత్రి క్లిక్కు విలువ 12 రూపాయలు. వర్తకుడు ఎల్లవేళల 24 పాడినచో, ఉదయము 30 పాడినవానికి మంచి గిరాకీని వదలుకొనును. రాత్రి 12 విలువగల క్లిక్కునకు 24 వఱకు చెల్లించును. ప్రొద్దు ఒక్కటియే గాదు. వెదకువాని యూరు, వాని పరికరము, వాని భాష, ఇదివఱకు మన పుటకు వచ్చియున్నాడా లేదా, సరిగా నేమి మాటలు వ్రాసెను, ఇవి యన్నియు విలువను మార్చును. ప్రతి వేలమునకును ఇన్ని సంగతులను తూచి పాట మార్చుట యే గుమాస్తాకును సాధ్యము గాదు. ఇచటనే యంత్రము నిజముగా నుపకరించును. దానిని నిందించువారు దాని శక్తి నెఱుగరు.

గూగులు సంస్థ 2007లో, క్లిక్కునకెంత యని గాక ఒక్కొక్క యమ్మకమునకు ఎంత వ్యయపఱుపవచ్చునో వర్తకుడు చెప్పిన, తదనుగుణముగా తానే పాట పాడు యంత్రమును తెచ్చినది. 2016లో ఇట్టి పద్ధతులకన్నిటికిని ‘స్మార్ట్ బిడ్డింగు’ అని పేరిడినది. 2021లో తెచ్చిన ‘పెర్ఫార్మెన్స్ మాక్స్’ అను పద్ధతియందు పాట యొక్కటియే గాక, ప్రకటన యెచట చూపవలయునో కూడ యంత్రమే నిర్ణయించును. 2018లో తెలుగు భాషకును ఆ సంస్థ ప్రకటనలలో స్థానము కలిగినది. కావున తెలుగున వెదకువానికి తెలుగుననే ప్రకటన చూపు నవకాశము నేడు మన చిన్నవర్తకునకు గూడ గలదు.

యంత్రమునకు తెలియనివి

యంత్రము గుఱిని గొట్టును. గుఱి నేర్పఱచుట దాని పని గాదు. వర్తకుడు దేనిని ‘ఫలసిద్ధి’ యని దానికి చెప్పునో, వాడుకలో కన్వర్షను అందురు, దానినే యది పోగుచేయును. తప్పుగుఱి చెప్పినచో గుడ్డెద్దు చేలో పడినట్లే. నాలుగు విధములగు పొరపాట్లను మనవి చేసెదను.

మొదటిది, ఫోను పిలుపులను ఫలసిద్ధిగా లెక్కించుట. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలకు శిక్షణ నిచ్చు విద్యాలయము, “పిలుపునకు ఇంత” యని యంత్రమునకు చెప్పినదనుకొందము. యంత్రము మిక్కిలి చౌకగా పిలుపులను తెచ్చును. చౌకగా వచ్చు పిలుపులు ఎవరివి? ఉద్యోగము కావలసినవారివి, రుసుము లేకుండ పుస్తకము లడుగువారివి, పొరబాటున నొక్కినవారివి. కాగితముపై పిలుపులు రెట్టింపయ్యెను. చేరిన విద్యార్థులు పెరుగలేదు. యంత్రము తప్పు చేయలేదు. అడిగినదానినే తెచ్చి యిచ్చినది.

రెండవది, అమ్మకపు మొత్తమును లాభమని భ్రమించుట. “ప్రకటనకు రూపాయి పెట్టిన నాలుగు రూపాయల సరకు అమ్ముడుపోవలయును” అని చెప్పుట పరిపాటి. నూటికి ఇరువది లాభముగల వర్తకుడు 1,000 పెట్టి 4,000 అమ్మిన, సరకుపై లాభము 800. ప్రకటన పోను 200 నష్టము. నూటికి నలువది లాభముగల వర్తకునకు అదే యమ్మకముపై 1,600. ప్రకటన పోను 600 మిగులు. ఒకే గుఱి యొకనిని ముంచును, ఒకనిని తేల్చును. మొదటివానికి అయిదు రెట్లకు తక్కువైన గిట్టుబాటు కాదు. ఇందు తిరిగి వచ్చిన సరకును కూడ చేర్చవలయును. సరకు చేరిన పిమ్మట సొమ్ము చెల్లించు పద్ధతిలో పది పంపిన మూడు తిరిగి వచ్చునెడల, యంత్రము పదియు నమ్ముడైనవనియే నమ్మియుండును, మనము చెప్పనంతవఱకు.

మూడవది, సగటుచేత మోసపోవుట. దీనిని కొంచెము శ్రద్ధతో వినవలయును. ఒక వర్తకునకు ఒక్కొక్క యమ్మకముపై లాభము 500 రూపాయలు. నెలకు 20,000 ప్రకటనలకు పెట్టిన నూఱు అమ్మకములు కలిగినవి, ఒక్కొక్కటికి 200. సంతోషించి యతడు వ్యయమును 50,000కు పెంచెను. అమ్మకములు నూటయేబది యైనవి. సగటున ఒక్కొక్కటికి 333. లాభము 500 గదా, ఇంకను మిగులుచున్నదని యతడు తృప్తి చెందెను. కాని లెక్క చూడుడు. మొదట నూఱు అమ్మకములపై 50,000 వచ్చి, 20,000 పోగా మిగిలినది 30,000. ఇపుడు నూటయేబదిపై 75,000 వచ్చి, 50,000 పోగా మిగిలినది 25,000. వ్యాపారము పెరిగినది, మిగులు తరిగినది. ఏలయన, క్రొత్తగా వచ్చిన యేబది అమ్మకములకు 30,000 పట్టినది. అనగా ఒక్కొక్కటికి 600. ఐదువందల లాభమునకై ఆఱువందలు పెట్టినట్లు. యంత్రమునకు సగటుగుఱి 350 అని చెప్పియున్నచో, అది తన గుఱిని నెఱవేర్చితిననియే చూపును.

నాలుగవది, తానుగా రాబోవు గిరాకీని తెచ్చితినని యంత్రము చెప్పుకొనుట. ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము గలదు. ఈబే యను నమెరికా వర్తకసంస్థలో బ్లేక్, నోస్కో, టడెలిస్ అను మువ్వురు పండితులు 2012లో పరీక్షలు జరిపి, 2015లో ఎకనమెట్రికా పత్రికయందు వాని ఫలితములను ప్రకటించిరి. తమ సంస్థ పేరునే వ్రాసి వెదకువారికి ప్రకటన చూపుటను కొన్నిచోట్ల మాన్పించిరి. ప్రకటనపై పోయిన క్లిక్కులలో నూటికి 99.5 వంతులు, రుసుము లేని సహజఫలితముల ద్వారా ఈబేకే చేరినవి. అనగా గుమ్మములోనికి వచ్చుచున్నవానిని చేయిపట్టి పిలిచినందుకు సొమ్ము చెల్లించినట్లు. ఇతర మాటలపై ప్రకటనలను మాన్పించిచూడగా, తఱచుగా కొనెడి పాతగిరాకీపై వాని ప్రభావము మిక్కిలి స్వల్పము. ఆ సంస్థ నెఱుగని క్రొత్తవారిపై మాత్రము ప్రయోజన ముండెను. దీనినుండి మనము గ్రహింపవలసిన దేమనగా, పేరు లేని చిన్నదుకాణమునకు ప్రకటన నిజముగా నుపకరింపవచ్చును. కాని ప్రకటన తెచ్చినదెంత, అది లేకున్నను వచ్చెడిదెంత యని వేఱుపఱచి చూడక యంత్రపు పట్టికను నమ్మరాదు.

యంత్ర మెవరి సేవకుడు?

పెద్దలారా! మన సంతలలో కొనువానికొక దళారి, అమ్మువానికొక దళారి యుండుట న్యాయమని యెంతురు. ఇరువైపులకు నొక్కడే దళారి యైనచో వాని మాటను రెండుమాఱులు తూచుదురు. ఇచట వేలము నడుపువారును, మన తరపున పాట పాడు యంత్రమును నిర్మించినవారును, గెలుపోటముల లెక్క వ్రాయువారును ఒక్కరే. ఇందు మోసము కలదని నేననుట లేదు. అమ్మకము పెరిగిన వర్తకుడు నిలుచును, వర్తకుడు నిలిచిన వేలము నిలుచును గనుక, మన మేలు వారికిని కొంత మేలే. అయినను ఇరువురి ప్రయోజనములు ఒక్కటి గావు. మనకు మిగులు ముఖ్యము. వారికి మన వ్యయము రాబడి. మూడవ దృష్టాంతములోని వర్తకుడు 50,000 వ్యయపఱచినపుడు ఎవరికి లాభము, ఎవరికి నష్టమో మీరే చూచితిరి. 2024 ఆగస్టులో అమెరికాలోని న్యాయాధీశుడు అమిత్ మెహతా, గూగులు సంస్థ వెదకులాటయందును, వెదకులాట వచనప్రకటనల విపణియందును ఏకస్వామ్యమును చట్టవిరుద్ధముగా నిలుపుకొన్నదని తీర్పు చెప్పెను. ఆ సంస్థ యీ నిర్ణయము నంగీకరింపలేదు. ఆ వివాద మెట్లున్నను, ధర నిర్ణయించువాడు బలవంతుడైనపుడు ఇచ్చువాడు లెక్క తెలిసినవాడై యుండుట యావశ్యకము.

మనలో మన పోటీ

ఇపుడొక సున్నితమైన విషయము. ఒకే యూరిలో, ఒకే వీధిలో, మన సంఘమునకే చెందిన నలుగురు ఒకే మాటపై పాట పాడుచుందురు. యంత్రమునకు బంధుత్వము తెలియదు. అన్న పాటను తమ్ముని యంత్రము, తమ్ముని పాటను అన్న యంత్రము పెంచుచుండును. అందుచేత “మనవారు ఒకరి మాటపై నొకరు పాడరాదని సంఘము కట్టుబాటు చేయవలయును” అని కొందఱు సూచించుచున్నారు. వారి సదుద్దేశమును గౌరవించుచునే, ఆ సూచనను నేను గట్టిగా నిరాకరించుచున్నాను.

ఏలయన, పోటీదారులు కుమ్మక్కై వేలముపాటను నియమించుకొనుటను, గిరాకీని పంచుకొనుటను 2002 నాటి మన కాంపిటీషన్ చట్టము నిషేధించుచున్నది. అమెరికాలో కాంటాక్టు లెన్సులు విక్రయించు నొక సంస్థ, ఒకరి పేరుపై నొకరు పాడరాదని ప్రత్యర్థులతో నొడంబడికలు చేసికొనగా, ఫెడరల్ ట్రేడ్ కమిషను 2018లో అవి చట్టవిరుద్ధములనెను. 2021లో అప్పీలు న్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసెను. ఏండ్ల తరబడి వ్యాజ్యములకు తట్టుకొను శక్తి మన చిన్నవర్తకులకు లేదు. చట్టము మాట యటుంచుడు. కొనువాని కన్ను గప్పి కట్టుబాటు చేసిన సంఘమునకు గౌరవము నిలువదు. సంఘము జ్ఞానమును పంచవచ్చును, ధరను పంచరాదు.

ఇతరుల దుకాణపు పేరుపై పాడుటను గూర్చియు నొక మాట. 2023లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానపు ధర్మాసనము, ప్రత్యర్థి వ్యాపారచిహ్నమును వెదకులాట మాటగా వాడుకొనుట తనంతట తానే యపరాధము గాదనియు, కొనువానికి భ్రాంతి కలిగించినచో నపరాధమగుననియు, అట్టియెడ గూగులు సంస్థయు తాను మధ్యవర్తి మాత్రమే యని తప్పించుకొనజాలదనియు నిర్ణయించినది. కాబట్టి మన దుకాణపు పేరును రిజిస్టరు చేయించుకొనుట మేలు. ఒరుల పేరు చూపి గిరాకీని పిలువకుండుట ధర్మము.

ఆచరింపవలసినవి

యంత్రమునకు పని యప్పగింపబోవు సోదరులకు నేను విన్నవించునవి యైదు.

ఒకటి: మొదట మిగులు లెక్క వ్రాసికొనుడు. సరకు ధర, కూలి, పంపుడు ఖర్చు, పన్ను, తిరిగి వచ్చు సరకు, ఇవి పోగా ఒక్కొక్క యమ్మకముపై చేతిలో మిగులునదెంతయో తెలిసికొనుడు. ఈ యంకె లేనిదే ప్రకటనకు పైసయైన పెట్టకుడు.

రెండు: యంత్రమునకు పిలుపులను గాక, నిజమైన యమ్మకములను, సాధ్యమైనచో లాభమునే ఫలసిద్ధిగా తెలుపుడు. దుకాణమునకు వచ్చి కొనినవారి లెక్కను గూడ మరల దానికి చేర్చు మార్గములు గలవు.

మూడు: అమ్మకములు మిక్కిలి కొద్దిగా నున్నపుడు యంత్రముపై భారము వేయకుడు. నెలకు నాలుగు అమ్మకములుగల దుకాణమునకు వచ్చు నెల రెండైనను ఆఱైనను, అది యదృచ్ఛయే కావచ్చును. అట్టి సాక్ష్యమునుండి యంత్రము నేర్చుకొనునది లేదు. అట్టివారు కొద్దిపాటి మాటలను స్వయముగా నెంచుకొని, పాటకు హద్దు పెట్టుకొనుట మేలు. వారమునకొకసారి, ఏయే మాటలకు తమ ప్రకటన చూపబడెనో యా పట్టికను చదివి, అక్కఱలేని మాటలను నిషేధించుట మఱింత మేలు.

నాలుగు: దినపు వ్యయమునకు పెట్టిన హద్దు సగటు హద్దని యెఱుగుడు. గూగులు నియమము ప్రకారము ఒకానొక దినమున దానికి రెండింతల వఱకు వ్యయము కావచ్చును. నెల మొత్తముమీద దినపు హద్దునకు 30.4 రెట్లు మించదు. దినమునకు 1,000 అని వ్రాసి, ఒకనాడు 2,000 పోయినదని కలతపడుటకంటె, నెలకు 30,400 పోవునని ముందే యెంచుకొనుట వివేకము.

ఐదు: ఏటికొకటి రెండుసార్లు, కొన్ని యూళ్లలో ప్రకటనను కొన్ని వారములు నిలిపి, మఱికొన్ని యూళ్లలో నడిపి, అమ్మకములను సరిపోల్చుడు. ఈబే చేసిన పరీక్షను చిన్న కొలతలో మనమును చేయవచ్చును. ప్రకటన నిలిపినను అమ్మకము తగ్గనిచోట, ఆ సొమ్ము మీ పెట్టెలోనే యుండుట న్యాయము.

మహాసభకు విన్నపము

పోషకమహాశయులారా! ఈ సంఘము విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది. అది శ్లాఘనీయము. దానితోపాటు, ప్రతి మండలశాఖయందును సంవత్సరమున కొక నెల, వర్తకుల బిడ్డలకును గుమాస్తాలకును లెక్కల తరగతి నొకటి నడుపవలయునని ప్రార్థించుచున్నాను. అందు క్లిక్కు విలువను గట్టుట, సగటునకును చివరి యమ్మకపు వ్యయమునకును గల భేదము నెఱుగుట, ప్రకటన పట్టికను చదువుట నేర్పవలయును. స్త్రీలకు ఇందు ప్రత్యేక స్థాన ముండవలయును. ఇంటివద్ద పచ్చళ్లు, పిండివంటలు, కుట్టుపని చేసి విక్రయించు సోదరీమణులు తమ చిన్న పెట్టుబడిలో కొంత యీ వేలమున పెట్టుచున్నారు. వారి సొమ్ము పోయినచో తిరిగి తెచ్చుకొనుట కష్టము. ఈ తరగతులు మనవారికే గాక, చేరదలచిన యే కులమువారికైనను తెఱచి యుంచుట సంఘమునకు వన్నె తెచ్చును.

తాళపత్రముల నాటినుండి నేటివఱకు, కాటా మాఱినది, నాణెము మాఱినది, చిట్టా వ్రాయు పద్ధతి మాఱినది. సాయంకాలము చిట్టా మూసి మిగులెంత యని చూచుకొను వర్తకుని యలవాటు మాత్రము మాఱలేదు, మాఱరాదు. యంత్రము క్షణములో వేయి పాటలు పాడనిండు. ఆ చిట్టాను మాత్రము మన చేతనే యుంచుకొందము.